సంచి లేకుండా వచ్చిన ధనరాజ్

విజయనగరం.

లక్ష్మీనరసమ్మ అప్పకు తమ్ముడు గిరిబాబు నమస్కరించి రాసేది. నేను బాగానే ఉన్నాను. ఈ సంగతి ఫోన్‌లో చెప్పడానికి సిగ్గేసి కార్డు రాస్తున్నాను.

నా పాత ఇనుప సామాన్ల కొట్టుకు రాగి, ఇత్తడి ముక్కలు ఎక్కువగా తెచ్చేది ప్లంబర్ ధనరాజ్. అతను వేరే కొట్టుకు పోకూడదని రెండేళ్లుగా టీ తాగించి, మావా అని పిలిచి దగ్గర చేసుకున్నాను. మొన్న చాలా రోజులకు వచ్చాడు. నా కళ్లు సంచి కోసమే వెతికాయి.

"ఏటి మావా, కాళీ సేతుల్తో వొచ్చావు?" అన్నాను.

"నిచ్చెన మీంచి పడి సెయ్యి ఇరిగింది మావా. ఇంట్లో తోచక, నిన్నోపాలి సూసి పోదామని వొచ్చాను," అన్నాడు.

అప్పుడు చూశాను చేతి కట్టు. టీ తెప్పించాను గానీ అతని ముఖం చూడలేకపోయాను. మర్నాడు వాళ్లింటికి వెళ్లి తప్పయిందన్నాను. అతను నవ్వి కుర్చీ వేయించాడు. ఆ నవ్వుకు మరీ కుంచించుకుపోయాను.

ఎవరైనా ఇటు వస్తుంటే చోడిపిండి పంపు, ఆ రాగి జావ తాగితే ఎముకకు బలమని అతనికిస్తాను. ఆవు ఈనిందా? వంటింటి రేకు మార్పించారా? పిల్లలకు నా దీవెనలు. బావకు నమస్కారాలు చెప్పు, ఈ కార్డు మాత్రం చూపించకు. ఆయనా తాపీపనిలో మిగిలిన ఇనుప ముక్కలు వచ్చినప్పుడల్లా నాకు తెచ్చే మనిషే. ఇది చదివితే ఇక నా కొట్టుకు ఖాళీ చేతులతో రావడానికి జంకుతాడు.