దండ పడే చోటు

తాడేపల్లిగూడెం

తమ్ముడు సత్తిరాజుకి అక్క సూర్యకాంతం ఆశీస్సులు.

నీ ఫోను చేపల చెరువులో పడింది కాబట్టి ఈ ఉత్తరం మీ చేపల లారీ అబ్రహాం చేతికిచ్చి పంపుతున్నాను. మా మనవరాలు హర్షిణి నిశ్చితార్థం ఫోటోల్లో నా మెడ చూసుకుని హడలిపోయానురా. మడతలు మడతలుగా వేలాడుతోంది. ఏలూరు డాక్టరుగారు చర్మం లాగి కుట్టేస్తారట. గురువారం ఆపరేషను. పెళ్లికి అందంగా కనబడాలని ఉంది, కత్తంటే భయంగానూ ఉంది. పడుచుతనంలో మెడ ఎలా ఉండేదో ఆయన చూడాలిట. అమ్మ పెట్టెలోంచి నా పాత ఫోటో ఒకటి పంపు.

ఇట్లు,
నీ అక్క

తా.క.: ఎవరికీ చెప్పకు.

ఆకివీడు

అక్కయ్యకు సత్తిరాజు పాదనమస్కారాలు.

అరవై దాటాక అందం కోసం మెడ ఎవరు కోయించుకుంటారక్కా? నేను బెంగపెట్టుకుంటానని అసలు రోగం దాస్తున్నావు. అమ్మ కూడా పోయే ముందు, గోడకి పెట్టాల్సిన ఫోటో తనే ఏరి ఇచ్చింది. నాకు తెలీదనుకున్నావా? నీ గండం గడిచేదాకా చేపలు ముట్టనని మొక్కుకున్నాను. కొల్లేటి ఒడ్డున కూర్చుని ఆనపకాయ తింటున్నాను.

ఇట్లు,
సత్తిరాజు

తా.క.: ఎవరికీ చెప్పలేదు. గణపవరం పిన్నికి మాత్రం చెప్పాను.

తాడేపల్లిగూడెం

ఒరే మొద్దూ, ఆశీస్సులు.

పిన్నికి చెప్పడమంటే మైకులో చెప్పడమే. ముదినేపల్లి చుట్టాలు కూడా బత్తాయిలు పట్టుకుని దిగారు. పిన్ని నా మెడ తడిమి తడిమి ఏడుస్తోంది. నాకు రోగం లేదురా, అందం కోసమే! కానీ వీళ్ల ఏడుపులు వింటుంటే నాకే అనుమానం వస్తోంది. ఫోటో పంపు, అది చూసి తేల్చుకుంటాను.

ఇట్లు,
ఇంకా బతికే ఉన్న అక్క

తా.క.: పిన్ని ఏడుస్తూనే, నా పచ్చల నెక్లెసు ఎవరికిస్తావని అడిగింది.

ఆకివీడు

అక్కయ్యకు నమస్కారాలు.

నీ గుండెధైర్యానికి ఇంటిల్లిపాదీ ఏడ్చాం. ఫోటో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి పంపుతున్నాను. స్టూడియో ఆయన మంచివాడు. అడక్కుండానే మెడ మీద మడతలన్నీ తీసేశాడు. దండ పడే చోటు నున్నగా ఉండాలిట.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: దండ కూడా ఆయనే వేసిచ్చాడు. గంధపు దండ, వాడిపోదు.

తాడేపల్లిగూడెం

తమ్ముడికి అక్క బోలెడు ఆశీస్సులు.

ఫ్రేము హాల్లో ఆనించానో లేదో, మీ బావగారు వచ్చి దణ్ణం పెట్టి, "ఎవరీవిడ? ఎప్పుడు పోయారు పాపం?" అన్నారు. పెళ్లిచూపుల్లో నన్ను చూసి చేసుకున్న మనిషిరా! ఒళ్లు మండి ఫ్రేము విప్పేశాను. వెనక అసలు ఫోటో ఉంది. చూస్తే ఏముంది, ఇరవై ఏళ్లప్పుడూ అవే మడతలు! అచ్చం అమ్మ మెడ. చిన్నప్పుడు నా మెడ మడతలో వేలు పెట్టుకుంటే గాని నువ్వు నిద్రపోయేవాడివి కాదు, గుర్తుందా? అది కోయించుకుంటే కట్టుకున్నవాడే నన్ను పోల్చుకోలేడు. డాక్టరుగారికి ఫోను చేసి వద్దండీ అనేశాను. ప్రాణం ఎంత తేలికపడిందో చెప్పలేను.

ఇట్లు,
మడతల మెడ అక్క

తా.క.: గండం గడిచింది, చేపలు తిను. అబ్రహాం చేత నాలుగు బొచ్చెచేపలు నాకూ పంపు, పరామర్శకొచ్చినవాళ్లు కదలడం లేదు. దండ మాత్రం పిన్ని తన సంచిలో పెట్టేసుకుంది. ముందుచూపున్న మనిషి.