రెండుసార్లు కదిలిన తాడు

ప్రయాణం మొదలైన నూట పదకొండో రోజు ఉదయం, చుక్కల మధ్య తిరిగే సరుకు ఓడలో గాలిమేస్త్రీగా పనిచేస్తున్నదాన్ని, అరవై ఒకటో ఏట పడినదాన్ని, భర్తను పోగొట్టుకున్నదాన్ని అయిన నేను, స్వస్థచిత్తంతో, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా స్వహస్తాలతో రాస్తున్న వీలునామా ఇది.

స్వస్థచిత్తం అన్న మాట లేఖరిగారు చెప్పి రాయించారు. చిత్తం బాగానే ఉంది, చేతులే వణుకుతున్నాయి. అక్షరాలు వంకర తిరిగితే నాకు మతి చెడిందని ఎవరూ కోర్టుకెక్కవద్దు. అది భయం. ఇంత భయం నా జన్మలో ఎరగను.

లేఖరిగారు మా ఓడలో ఉన్న ఒకే ఒక్క ప్రయాణికుడు. నలభై ఏళ్ళు రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో కూర్చుని దస్తావేజులు రాసిన మనిషి. ఆస్తి ఎక్కడుంటే అక్కడి హద్దులు నాలుగు వైపులా రాయాల్సిందేనని పట్టుబట్టారు. నా మంచానికీ పెట్టెకీ తూర్పున ఏముందని రాయను స్వామీ అని అడిగాను. ఆలోచించి, ఖాళీ అని రాయమన్నారు. మిగతా మూడు దిక్కులకీ అదే కదా అన్నాను. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. పాపం, ఆయనకీ భయమే.

ఈ కాగితం ఎవరి చేతికి అందుతుందో తెలియదు కాబట్టి, జరిగినది ముందు చెప్పాలి. ఇరవై రోజుల కిందట మా ఇంజను కాలిపోయింది. దానితోపాటు నేను చూసుకునే, గాలి తయారుచేసే యంత్రమూ ఆగింది. అప్పటినుంచి తలా ఒక సీసా గాలితో రోజు గడుపుతున్నాం. మేము ఐదుగురం. ఓడ నడిపే సరంగు, లేఖరిగారు, నేను, ఇంజను మేస్త్రీ అయిన నా మరిది, వంట చూసే అతని భార్య, అంటే నా తోడికోడలు. మా కబురు అందుకున్న ఓడ ఒకటి బయల్దేరింది. అది చేరడానికి ఈ రోజు నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది.

తొమ్మిది రోజుల కిందట మాకొక పెద్ద ఓడ కనబడింది. దీపం లేదు, పిలిస్తే పలుకు లేదు. దాంట్లో గాలి నిల్వ ఉంటుందన్న ఆశతో, సరంగు చిన్న పక్క ఇంజన్లతో మా ఓడని దాని పక్కకి చేర్చి తలుపుకి తలుపు బిగించాడు. లోపల మనుషులు లేరు, గాలీ లేదు. అంతా చీకటి. మొదటి గదిలో కొక్కేలకి నలభై కోట్లు వేలాడుతున్నాయి. ప్రతి కోటుకీ మెడ దాకా బొత్తాలు పెట్టి ఉన్నాయి. విడిచిన కోటుకి బొత్తాలు ఎవరు పెడతారు? దాని తర్వాతి భోజనాల గదిలో కుర్చీలన్నీ గోడవైపు తిప్పి ఉన్నాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి. ముప్పై నాలుగేళ్ళు ఓడల కడుపుల్లో పాకిన మనిషిని, చీకటంటే నాకు లెక్కలేదు. ఆ కుర్చీలు చూశాక మాత్రం ఒంటరిగా స్నానానికి కూడా వెళ్ళలేకపోతున్నాను.

ఇక పంపకాలు.

1. నా స్థిరాస్తి అయిన రెండు గదుల ఇల్లు, వెనకవైపు రేకుల వసారాతో సహా, కళ్ళద్దాలు అరగదీసే పని చేసుకుంటున్న నా ఏకైక కూతురికి సర్వహక్కులతో చెందాలి. అమ్మా, వంటింటి కుళాయి కిందికి వంచి ఎడమకి తిప్పితేనే నీళ్ళు ఆగుతాయి. ప్లంబరు కొత్తది వేస్తానంటే వినకు. వాడికి పని తక్కువ, మాటలెక్కువ. నువ్వు నా వృత్తిలోకి రానన్నప్పుడు నీతో ఆర్నెల్లు ముభావంగా ఉన్నాను. నాది తప్పు. ఇప్పుడు నువ్విక్కడ లేవన్న ఒక్క సంగతే నాకు ధైర్యం.

2. నా పనిముట్ల పెట్టె కూడా కూతురికే. అందులో పెద్ద రెంచి ఉండదు. దాన్ని రెండు రోజుల్లో ఇస్తానని షెడ్డు సూపర్‌వైజరు తీసుకెళ్ళి ఏడేళ్ళయింది. సదరు రెంచిని ఇందుమూలంగా అతనికే రాసి ఇస్తున్నాను. ఎలాగూ ఇవ్వడు, కనీసం దొంగసొత్తు కాకుండా పోతుంది.

3. మా అత్తగారి కుట్టుమిషను మీద నాకున్న హక్కు, ఉన్నట్టయితే, నా తోడికోడలికి వదులుకుంటున్నాను. అది నాకిస్తానని అత్తగారు నాతో నోటిమాటగా అన్నారు. ఆవిడతోనూ అలాగే అని ఉంటారు. అత్తగారి సంగతి మా ఇద్దరికీ తెలుసు. ఆ మిషను మూలంగా నేనూ తోడికోడలూ తొమ్మిదేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. ఒకే ఓడలో పనిచేస్తూ, ఉప్పు అయిపోయిందన్నా మరిది ద్వారానే చెప్పుకున్నాం. అతను లేని ఈ ఆరు రోజులూ ఆ పని లేఖరిగారి మీద పడింది. నేను కంచం తోస్తే, పెద్దావిడని తినమనండి అంటుంది. ఆకలి లేదని చెప్పండి అంటాను. ఇద్దరి మధ్యా కూర్చుని ఆయన మొహం అటూ ఇటూ తిప్పుతుంటారు.

మిషను విషయంలో మొదట మొహం చాటేసింది నేనే. ఇది కూడా దస్తావేజులో ఉండాలి.

4. ఈ అంశంలో ఆస్తి ఏమీ లేదు. ఇవన్నీ రాయడానికి ఇది చోటు కాదని లేఖరిగారు అంటారేమో, ఆయనకి చూపించకుండా రాస్తున్నాను.

ఆరు రోజుల కిందట నా మరిది గాలి ట్యాంకులు వెతకడానికి ఆ ఓడలోకి వెళ్ళాడు. తన సీసాల్లో ఎనిమిది తోపుడుబండి మీద వేసుకుని, మిగిలినవి మా ఆడవాళ్ళిద్దరికీ వదిలాడు. నడుముకి తాడు కట్టుకున్నాడు. అవతలి కొస పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది నేను. వదిన చేతిలో ఉంటే నాకు బెంగ లేదు అని నవ్వుతూ వెళ్ళాడు.

తాడు పూర్తిగా సాగాక, రెండుసార్లు కదిలింది. మా గాలి పనివాళ్ళలో రెండు లాగులంటే, నన్ను బయటికి లాగమని. ముప్పై నాలుగేళ్ళుగా నాకు తెలిసిన అర్థం అదొక్కటే. లాగాను. తాడు తేలిగ్గా వచ్చేసింది. కొస చూస్తే, తెగలేదు. ముడి విప్పి ఉంది, నిదానంగా, శుభ్రంగా. ముడి విప్పినది మనిషి చెయ్యి అయి ఉంటుందని ఆ క్షణాన నాకు తట్టలేదు. బొత్తాలు పెట్టిన ఆ కోట్లే కళ్ళముందు నిలిచాయి. తలుపు మూసి, నాలుగు గడియలూ మావైపు నుంచి బిగించేశాను.

తర్వాత నేను చేసిన పని ఇంతకన్నా నీచమైనది. మిగతావాళ్ళు పరుగెత్తుకొచ్చేలోపు, తాడు కొస కత్తితో కోసి, తాడు తెగిందని చెప్పాను. నేను బెదిరిపోయి తలుపేశానని చెప్పుకోలేకపోయాను. గాలిమేస్త్రీ భయపడిందంటే పరువేం కాను! తెగిన తాడు చూసి సరంగు ఇక తలుపు తెరవనన్నాడు. నా తోడికోడలు ఆ కొస చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. నేను తల దించుకున్నాను.

నిన్న సాయంత్రం చేతితొడుగుల కోసం మరిది మంచం దగ్గర వెతుకుతుంటే, గోడకి అంటించిన ఇంజను పనివాళ్ళ నియమాల కాగితం కనబడింది. అందులో నాలుగో వరుస. రెండు లాగులు: తాడు చాలలేదు, ముడి విప్పి ముందుకు వెళ్తున్నాను, తాడు కదిలించకుండా అక్కడే ఉంచు.

దారి చూపే తాడుని నా చేత్తో నేనే లాగేసుకున్నాను. వెనక్కి వచ్చి చీకట్లో ఆ కొస కోసం ఎంత తడుముకున్నాడో.

అతను వెళ్ళిన మర్నాటి నుంచీ ఆ ఓడ తగిలిన వైపు గోడలోని గొట్టంలో చప్పుడు వస్తోంది. రెండు దెబ్బలు, కాస్త ఆగి, మళ్ళీ రెండు. చల్లబడ్డ గొట్టం అలా మోగుతుందని నేనే అందరికీ నచ్చజెప్పాను. నిజంగా మోగుతుంది కూడా. అందుకే అది మరిదో, గొట్టమో, కోట్లకి బొత్తాలు పెట్టినదేదైనా ఉంటే అదో, నాకు తెలియదు. లేఖరిగారు చెవుల్లో దూది పెట్టుకుంటున్నారు. నాకు దూదిలోంచి కూడా వినబడుతోంది. ఇది రాస్తుంటే ఇప్పుడూ వినబడుతోంది. నిన్నటికంటే బలహీనంగా ఉంది.

అతను తీసుకెళ్ళిన సీసాలు రేపటితో సరి. అందుకని ఈ రోజే లోపలికి వెళ్తున్నాను. నేను ధైర్యవంతురాలినని ఎవరూ పొగడవద్దు. పొద్దున్న రెండుసార్లు ఆ తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. నేను కాపురానికి వచ్చేసరికి అతనికి పన్నెండేళ్ళు, జ్వరమొస్తే అమ్మని కాదని నా పక్కనే పడుకునేవాడు. అతన్ని చీకట్లో వదిలేసి పద్నాలుగు రోజులు గాలి పీల్చడం నా వల్ల కాదు.

5. గాలి సీసాల విషయం. ఓడ నియమం ప్రకారం ఎవరి సీసా వారిదే, రాసి ఇస్తే తప్ప రెండోవారు ముట్టకూడదు. సరంగువీ లేఖరిగారివీ కొత్తరకం సీసాలు, పద్నాలుగు రోజులకీ సరిపడా ఉన్నాయి. అవి మేము సీసా బిగించుకుని గాలి పీల్చే ముసుగులకి పట్టవు. చవకగా వచ్చాయని మా ఇంటివాళ్ళం ముగ్గురమూ పాతరకం ముసుగులు కొనుక్కున్నాం. పాతరకం సీసాలు నావి ఎనిమిది, తోడికోడలివి ఎనిమిది మిగిలాయి. ఆ పదహారుతో ఒక్క మనిషి ఓడ వచ్చేదాకా బతుకుతుంది. ఇద్దరు బతకరు.

కాబట్టి, నాతో తీసుకెళ్ళే రెండు పోగా మిగిలిన నా ఆరు సీసాలనూ, ఈ రోజు నుంచే, నా తోడికోడలికి సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. తన ఎనిమిదీ ఇవి ఆరూ కలిస్తే పద్నాలుగు. నేను తిరిగొచ్చినా వాటిని వెనక్కి అడగను. లోపల గాలి ట్యాంకులు దొరికితే అందరం బతుకుతాం, దొరక్కపోతే కనీసం ఆవిడ బతకాలి. ఆవిడకి నా మీద కోపం వస్తుంది, రావాలి. కోపంగానైనా సరే, ఆ సీసాలు వాడుకోవాలి.

6. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత సరంగుది. నేను లోపలికి వెళ్ళాక తలుపు ఒక్క గడియతోనే వేసి, పక్కనే కాపలా ఉండాలి. అవతలి నుంచి ఎవరు తట్టినా, ఎంత భయమేసినా, తెరిచి చూడాలి. నేను చెయ్యని పని అదే.

పైన రాసినదంతా భోజనాల బల్ల దగ్గర ముగ్గురి ముందూ నేనే చదివి వినిపించాను. నాలుగో అంశం దగ్గర ఆగిపోయి, నీళ్ళు తాగి మళ్ళీ మొదటినుంచి చదివాను. తోడికోడలు లేచి వంటగదిలోకి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

సాక్షుల గురించి లేఖరిగారు చెప్పిన చట్టం: వీలునామా వల్ల ఎవరికి ఆస్తి వస్తుందో వారు సాక్షిగా సంతకం చేయకూడదు. చేస్తే, వారికి రాసినది చెల్లదు. అందువల్ల సాక్షులుగా సరంగూ లేఖరిగారూ సంతకం చేయాలని నిర్ణయమైంది.

తేదీ: ప్రయాణంలో నూట పదకొండో రోజు, మధ్యాహ్నపు గంటకి ముందు.

సంతకం: గాలిమేస్త్రీ

మొదటి సాక్షి: సరంగు. ఒక్క గడియే వేస్తాను. తట్టిన వెంటనే తీస్తాను.

రెండో సాక్షి: ఓడ వంటమనిషి, ఇంజను మేస్త్రీ భార్య.

లేఖరి వివరణ: రెండో సాక్షి స్థానంలో నేను సంతకం చేయబోగా, సదరు వంటమనిషి ముసుగు తొడుక్కుని వచ్చి నా చేతిలోంచి కలం లాక్కుంది. ఆమె సంతకం చేస్తే ఆరు సీసాల దఖలు రద్దవుతుందని మూడుసార్లు స్పష్టంగా చెప్పాను. తెలిసే చేస్తున్నానని చెప్పి సంతకం చేసింది. కింద రాసినది ఆమె చేతిరాత. దీన్ని దస్తావేజులో చేర్చకూడదని చెప్పాను, వినలేదు.

అక్కా, మీ సీసాలు నాకు వద్దు. పదహారూ బండి మీద పెట్టాను, నేనూ వస్తున్నాను. మిమ్మల్ని క్షమించానని అనుకోకండి. ఆయన్ని తీసుకొచ్చాక మీతో తేల్చుకోవాల్సింది చాలా ఉంది. నాకూ భయమే, నా చెయ్యి మాత్రం వదలకండి. లేవండి, ఇప్పటికే ఆలస్యమైంది.