నా సన్నదనానికి అత్తయ్య పడ్డ మాటలు

కొవ్వూరు,
ఫాల్గుణ మాసం, గురువారం.

అమ్మకు,

నీ సాయిదుర్గ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను, ఆయన, అత్తయ్య ముగ్గురం కులాసాగా ఉన్నాం. నువ్వు కూడా కువైట్‌లో ఒంట్లో బాగుండి, మీ మేడమ్ కోపాలకు కాస్త దూరంగా ఉన్నావని తలుస్తాను.

తబిత అక్కకి సెలవు అయిపోయింది. మంగళవారం విమానం ఎక్కుతోంది. నీ ఉత్తరం తెచ్చిన చేతికే ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు నా మెడ ఎముకలు చూసి ఏడుపు మొదలుపెడతావు. నేను చెప్పాలనుకున్నది నోట్లోనే ఉండిపోతుంది. ఈలోపు మీ మేడమ్ పిలుస్తుంది. కాగితం మీద అయితే తీరిగ్గా చెప్పుకోవచ్చు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. ఖర్జూరాలు, బాదంపప్పు అందాయి. సగం చంద్రరావు మావయ్య పిల్లలకి పంపాను. మొగల్తూరులో మన ఇంటి రేకులు మావయ్య మార్పించాడు, ఇక నీ గదిలో వాన కారదు. అల్లుడు తాగుతున్నాడా అని అడిగావు. తాగుతాడు, టీ. వ్యాను ఎక్కేముందు ఒకటి, దిగాక ఒకటి. కాకినాడ నుంచి చేపలు తెచ్చి ఇక్కడి మార్కెట్లకి వేస్తున్నాడు. మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేస్తాడు. నీ అల్లుడి గురించి నువ్వు దిగులు పడక్కర్లేదు.

ఇక నీ ఉత్తరంలో అసలు సంగతి. "మీ అత్త నీ కంచంలోది కూడా తనే తింటోందని ఊళ్ళో చెప్పుకుంటున్నారట. మన హారతి పెళ్ళి ఫోటోలో మీ ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు, చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. మావయ్యని పంపుతున్నాను. బట్టలు సర్దుకో" అని రాశావు. నీ మీద కోపం రాలేదమ్మా. అంత దూరాన ఉండి, చేతిలో ఒక ఫోటో పెట్టుకుని, ఏ తల్లి అయినా అలాగే అనుకుంటుంది.

ఆ ఫోటో నేనూ చూశాను. నా పెళ్ళిలో "తీగలా ఉంది పిల్ల" అని మెచ్చుకున్నవాళ్ళే, ఏడాది తిరిగేసరికి "పుల్లలా అయిపోయింది" అనడం మొదలుపెట్టారు. కొందరు ఫోన్లో చూసి డైటింగ్ చేస్తోందన్నారు, ఒళ్ళంతా పొగరే అన్నారు. ఒళ్ళుంటే కదా పొగరు ఉండటానికి! నన్ను అనడం అయిపోయాక అత్తయ్య మీద పడ్డారు. ఆవిడ భారీ మనిషి, మోకాళ్ళ నొప్పులు. మార్కెట్లో అందరూ నేల మీద కూర్చుని చేపలు అమ్మితే, ఆవిడ ఎత్తుపీట వేసుకుని కూర్చుంటుంది. లావుపాటి అత్త పక్కన బక్కపలచటి కోడలు నిలబడితే చాలు, జనానికి ఇంకేం తెలియనక్కర్లేదు. ఒకరి ఒంట్లో తగ్గినది ఇంకొకరి ఒంట్లో చేరిందని లెక్క తేల్చేశారు.

ఆవిడ తినదా అంటే, తింటుంది. ఇష్టంగా తింటుంది. తెల్లవారకముందు నుంచీ చేపల ట్రేలు లాగే మనిషి తినక ఏం చేస్తుంది? తింటే తప్పేంటి? కానీ నాకు పెట్టకుండా ఆవిడ ముద్ద ఎత్తిన రోజు లేదు. కొర్రమేను వండితే మంచి ముక్క నా కంచంలోనే పడుతుంది.

మార్కెట్లో ఆవిడ దగ్గర ఏళ్ళ తరబడి చేపలు కొనే శ్యామలాంబ అనే టీచరుగారు ఉన్నారు. రిటైరయ్యారు. చాలా మర్యాదస్తురాలు. ఒకరోజు నేను అత్తయ్యకి క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళి అక్కడే నిలబడి ఉన్నాను. టీచరుగారు నన్ను పైనుంచి కిందకి చూసి, "కోడలి కడుపు మాడ్చే చేత్తో కోసిన చేప మా ఇంట్లో ఎవరికీ సహించదు తలుపులమ్మా" అని, పక్కావిడ దగ్గర బేరం ఆడుకున్నారు. అత్తయ్య చెంబుతో నీళ్ళు తీసి చేపల మీద చల్లుకుంటూ కూర్చుంది.

ఆ రోజు నుంచి ఆవిడ మా ఎవరి ఎదుటా తినడం మానేసింది. మేమంతా తిన్నాక వంటగదిలో గోడవైపు తిరిగి కూర్చుని, గబగబా నాలుగు ముద్దలు మింగి లేచేది. తన ఇంట్లో, తన సంపాదనతో వండిన అన్నం దొంగతనంగా తిన్నట్టు తినేదమ్మా.

పక్కింటి దీనమ్మ పిన్ని మరొక రకం. మంచి మనిషే. అత్తయ్య మార్కెట్‌కి వెళ్ళగానే పెరటి గోడ మీంచి గిన్నె అందించేది. "గుడ్డు కూరే, వేడిగా ఉంది. మీ అత్త వచ్చేలోగా తినెయ్యి" అనేది. నాకేమో ఎప్పుడూ ఆకలే. అన్నం తిన్న గంటకే మళ్ళీ కడుపు కరకరలాడేది. వద్దనలేక తినేసేదాన్ని. నేను ఆవురావురుమని తినడం చూసి, పాపం ఆవిడ అనుమానం గట్టిపడిపోయింది.

మొన్న ఆదివారం చంద్రరావు మావయ్య వచ్చాడు. నువ్వు చెప్పినట్టే వచ్చాడు. ఆటోని వీధిలోనే ఆగమని చెప్పి, గుమ్మం ఎక్కకుండా వాకిట్లోనే నిలబడ్డాడు. అత్తయ్య పంపు దగ్గర బొమ్మిడాయిలు శుభ్రం చేస్తోంది. ఆయన వ్యాను కడుగుతున్నాడు. దీనమ్మ పిన్ని గోడ దగ్గర బట్టలు ఆరేస్తూ ఆగిపోయింది.

"తలుపులమ్మగారూ, గొడవ చేయడానికి రాలేదండి. మా పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చాను" అన్నాడు మావయ్య.

"లోపలికి రండి బాబూ. ఎండలో పడి వచ్చారు, ముందు మజ్జిగ తాగండి" అంది అత్తయ్య. చేతులు కడుక్కుని తనే గ్లాసు తెచ్చింది. మావయ్య తీసుకోలేదు.

"మా అక్క పరాయి దేశంలో పాచిపని చేసుకుంటూ పిల్లని మీ చేతుల్లో పెట్టింది. మీరేమో దాన్ని ఇలా ఎండగట్టేసి..." అని ఆగి, ఆవిణ్ణి పైనుంచి కింద దాకా చూశాడు. "నేను చెప్పడం ఎందుకులెండి. మీ ఒళ్ళే చెబుతోంది."

నీ అల్లుడు చేతిలో పైపు వదిలేసి గబగబా వచ్చాడు. అత్తయ్య చెయ్యెత్తి ఆపింది. గ్లాసు పట్టుకుని అలాగే నిలబడి నా వైపు చూసింది. ఆ చూపులో నిష్ఠూరం లేదమ్మా. నువ్వు భయపడకు, నేను చెప్పనులే అన్నట్టు చూసింది. ఇక నేను ఆగలేకపోయాను.

"మావయ్యా, ఆ గ్లాసు తీసుకో. తీసుకుని నా మాట విను" అన్నాను. అప్పుడు వాకిట్లో మావయ్యతో చెప్పిందే ఇప్పుడు నీకూ చెప్పాలి. కాస్త కూర్చుని చదువు.

పోయిన వానాకాలంలో నాకు నెల తప్పింది. మూడో నెల దాటాక నీకు చెప్పి సంతోషపెడదామనుకున్నాం. నిలవలేదమ్మా. శ్రావణంలో ఒక మధ్యాహ్నం కడుపులో నొప్పి మొదలైంది. ఫోన్ చేస్తే అత్తయ్య బేరం మధ్యలో వదిలేసి వచ్చింది. ఆటోలో నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని బ్రిడ్జి దాటించి రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఆ దారంతా ఆవిడ ఒడి నాకు పరుపులా ఉంది. జనం ఎగతాళి చేసే ఆ ఒంటినే పట్టుకుని నేను ఆ పూట బతికాను.

ఆసుపత్రిలో నర్సు మా ఇద్దర్నీ చూసి, "ఏమ్మా, కోడలికి తిండి పెట్టవా? నువ్వే తినేస్తున్నావా?" అంది. బిడ్డ పోయిన గంట అది. అత్తయ్య తల వంచుకుని నా చీర తడిసిన చోట తుడుస్తూ ఉండిపోయింది. తర్వాత డాక్టరమ్మ వచ్చి నా మెడ తడిమి చూసింది, చేతులు చాపమంది, రక్తపరీక్ష రాసింది. నాకు థైరాయిడ్ అట. ఉండాల్సినదానికంటే ఎక్కువగా పనిచేస్తోందట. ఎంత తిన్నా ఒంటికి పట్టకపోవడం, గుండె దడ, చేతుల వణుకు, చలికాలంలోనూ చెమటలు అన్నీ దానివల్లేనట. బిడ్డ నిలవకపోవడానికీ అదే కారణం కావచ్చు, మందులు వాడితే అదుపులోకి వస్తుంది అంది. "ఇది తిండి లోపం కాదమ్మా, మీరెవరూ చేసిన తప్పు కాదు" అని ఆవిడ అన్నప్పుడు అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నీకెందుకు చెప్పలేదంటే, నాన్న పోయిన దుఃఖం తీరకుండానే విమానం ఎక్కినదానివి. నీ దగ్గర పక్కన కూర్చునే మనిషి కూడా లేదు. అదొకటి. ఇంకొకటి నా భయం. రోగిష్టి పిల్ల, కడుపు నిలవదు అని నలుగురూ అంటారని వణికిపోయాను. అత్తయ్య చెయ్యి పట్టుకుని ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను. "నువ్వు చెప్పమనేదాకా చెప్పను" అంది. అంతే. తర్వాత ఎన్ని మాటలు వచ్చినా ఆ మాట దాటలేదు. మార్కెట్లో బేరాలు పోయినా దాటలేదు. అందరికీ చెప్పేద్దామని ఆయన ఒకసారి కేకలేస్తే, "నా ఒళ్ళు చూసి ఎలాగూ ఏదో ఒకటి అంటూనే ఉన్నారు. ఇంకో మాట అంటే నా బరువేం పెరగదులేరా. ఆ పిల్ల మీద పడితే మాత్రం మొయ్యలేదు" అంది.

ఇదంతా నేను వాకిట్లో నిలబడి, దీనమ్మ పిన్ని వింటుండగా, ఆటో అతను వింటుండగా చెప్పేశాను. మధ్యలో ఏడ్చాను కూడా. కానీ చెప్పేశాక గుండెల మీంచి పెద్ద రాయి దించినట్టయింది.

మావయ్య అత్తయ్య చేతిలోంచి గ్లాసు తీసుకున్నాడు. తాగలేక, కింద పెట్టలేక నిలబడ్డాడు. "తప్పు మాట అన్నానండీ తలుపులమ్మగారూ" అన్నాడు చివరికి.

"మీ పిల్ల కోసం అన్నారు బాబూ. ఎవరూ రాకపోతే నేను బాధపడేదాన్ని, అడగడానికి ఒక మనిషి కూడా లేడే దీనికి అని. ఆటో పంపించెయ్యండి. బొమ్మిడాయిల పులుసు పెడుతున్నాను, భోంచేసి వెళ్దురుగాని" అంది ఆవిడ.

గోడవతల దీనమ్మ పిన్ని ముక్కు చీదుకుంటూ, "నాకొక్క మాట చెప్పి ఉంటే నేనూ ఆ నలుగురిలో ఒకదాన్ని అయ్యేదాన్నా వదినా?" అంది.

"చెబితే నువ్వు గుడ్డు కూర ఆపేస్తావుగా. పిల్ల కడుపునిండా తింటోందని ఊరుకున్నాను" అంది అత్తయ్య.

ఆ గిన్నెల సంగతి ఆవిడకి మొదటినుంచీ తెలుసు! పిన్ని ఏడుస్తూనే నవ్వేసింది. మావయ్య కూడా నవ్వాడు. ఆ మధ్యాహ్నం మావయ్యతో కలిసి అందరం ముందుగదిలో చాప వేసుకుని కూర్చున్నాం. తర్వాత తింటానని అత్తయ్య వంటగదిలోకి పోబోతే నీ అల్లుడు ఆవిడ కంచం లాక్కుని తెచ్చి మా మధ్యలో పెట్టాడు. మొదట్లో తలెత్తకుండా తింది. రెండోసారి పులుసు తనే అడిగి వేయించుకుంది.

మావయ్య వెళ్ళాక నన్ను కోప్పడింది. "అంతమందిలో ఎందుకు చెప్పావే? నేను పడుతున్నానుగా" అంది. "ఇన్నాళ్ళూ పడ్డారు చాలండి" అన్నాను. నా తల దగ్గరికి తీసుకుని చాలాసేపు నిమిరింది.

అందరూ మారిపోయారని రాయలేను. శ్యామలాంబ టీచరుగారు ఇంకా పక్కావిడ దగ్గరే కొంటున్నారు. మార్కెట్లో ఒకరు, "అలాగా, జబ్బా? మరి నీకేమైంది తలుపులమ్మా ఇంత ఒళ్ళు?" అన్నారట. ఇంటింటికీ వెళ్ళి చెప్పుకోలేం కదా. అత్తయ్య మాత్రం "నాకేమీ కాలేదు, నేనింతే" అని చెప్పి బేరం చూసుకుందట. నాకు ఆ మాట ఎంత నచ్చిందో!

నా ఆరోగ్యం సంగతికొస్తే, రోజూ మాత్ర వేసుకుంటున్నాను. పరీక్షలకి అత్తయ్యే వెంట వస్తోంది. చేతుల వణుకు తగ్గింది. ఈ ఉత్తరంలో అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది. దడ కూడా తగ్గింది, నిద్ర పడుతోంది. అదుపులోకి వచ్చాక పిల్లల గురించి ఆలోచించొచ్చని డాక్టరమ్మ చెప్పింది. తొందరేం లేదని అత్తయ్య అంది. ఎంత బరువు పెరిగానో మాత్రం రాయను. నువ్వూ అడగొద్దు. నన్ను తూకం వేసి చూసే కళ్ళు ఇప్పటికే చాలా ఉన్నాయి. నువ్వు నా ముఖం చూడు, అది చాలు.

అమ్మా, నీకు కృతజ్ఞతలు ఎలా చెప్పాలో తెలియడం లేదు. అంత దూరం నుంచి నాకోసం మనిషిని పంపావు. నువ్వు పంపబట్టే నా నోరు పెగిలింది. లేకపోతే ఇంకా ఎన్నాళ్ళు ఆవిడ చేత మోయించేదాన్నో. నన్ను కాపాడటానికి అక్కడ నువ్వు, ఇక్కడ ఆవిడ. నాకేం తక్కువ చెప్పు?

ఒక్క పని చేసిపెట్టు. నువ్వు వీడియో కాల్ చేసినప్పుడల్లా అత్తయ్య పక్కకి తప్పుకోవడం నువ్వు పొగరనుకున్నావు. ఫోన్లో తన ఒళ్ళు చూసి నువ్వేమనుకుంటావో అని ఆవిడ సిగ్గు. ఈ ఉత్తరం నీకు అందాక వచ్చే ఆదివారం నా పక్కనే కూర్చుంటానని ఒప్పుకుంది. పొద్దున్నే దీనమ్మ పిన్నిని అడిగి, ఏ చీర కట్టుకుంటే బాగుంటుందని చూసుకుంటోంది కూడా. నువ్వు ఆ రోజు నా మెడ వైపు చూడొద్దు. ముందు ఆవిణ్ణి పలకరించు. "వదినా" అని పిలువు. ఏడుపొస్తే ఇద్దరూ కలిసి ఏడవండి, నేను ఫోన్ పట్టుకుంటాను.

తబిత అక్క చేతికి రొయ్యల పచ్చడి సీసా ఇస్తున్నాను. కారం కాస్త ఎక్కువైంది, అత్తయ్య చేసింది. మీ మేడమ్‌కి పెట్టకు, నువ్వే తిను.

ఇట్లు,
నీ ముద్దుల కూతురు,
తలుపులమ్మగారి కోడలు,
సాయిదుర్గ.