సగంలో ఆగిన వీడియో

మంగళవారం, రాత్రి

మా పాప చిన్నికి రెండోసారి ఫిట్స్ వచ్చినప్పుడే డాక్టర్ చెప్పారు, మళ్లీ వస్తే మొదటి నుంచి చివరిదాకా వీడియో తీయమని. కళ్లు ఎటు తిరుగుతున్నాయో, ముందు ఏ చెయ్యి కొట్టుకుంటుందో చూస్తేనే ఏ మందివ్వాలో తేలుతుందట. మొన్న మళ్లీ వచ్చాయి. మా ఆయన కెమెరాతో నేను తీస్తుంటే వీడియో పది సెకన్లకే ఆగిపోయింది.

ఈరోజు పత్తర్‌గట్టికి వెళ్లి కెమెరా దుకాణంలో మెమరీ కార్డు చూపించాను.

"ఇది స్లో కార్డు అక్కా. కెమెరా పంపినంత జల్దీ రాసుకోలేదు, అందుకే బంద్ అయితుంది. వీ30 అని రాసున్నది తీస్కోండ్రి, ఇగ ఫికర్ లేదు," అన్నాడు దుకాణం అతను.

ఆ కార్డు కొని ఇంటికొచ్చి, చిన్ని ఆడుకుంటుంటే అరగంట తీసి చూశాను. ఎక్కడా ఆగలేదు. అయినా ఫిట్స్ మళ్లీ వస్తేనే కదా ఈ కార్డుతో పని!

చిన్ని కెమెరా వైపు చూస్తూ అడిగింది. "అమ్మా, మల్ల గట్లయితే నన్ను పట్టుకుంటవా, వీడియో తీస్తవా?"

"బాపు తీస్తడు బిడ్డా, నేను పట్టుకుంట," అన్నాను.

మూడుసార్లూ మధ్యాహ్నమే వచ్చాయి. ఆ వేళకు ఆయన తన దుకాణంలో ఉంటారు. ఇంట్లో మేమిద్దరమే.