ఆలివ్ కాయల చేప

ఆదివారం రాత్రి, నరసరావుపేట

మామయ్య పోయినప్పటి నుంచి అత్తయ్య చేప ముట్టలేదు. ఈరోజు పిల్లల కోసం పండుగప్ప ముక్కల మీద టమాటా, ఉల్లి, ఆలివ్ కాయలు పరిచి, మెక్సికో పద్ధతిలో ఓవెన్‌లో పెట్టాను. ఆవిడకు విడిగా పప్పు వండాను. తీరా భోజనాల దగ్గర అత్తయ్య పప్పు పక్కకు జరిపి, చేప ముక్క వడ్డించుకున్నారు.

“అత్తయ్యా, అది చేప!” అన్నాను కంగారుగా.

“కనపడతానే ఉందిలేవే. పులుసు చూస్తే మీ మామయ్య గుర్తొస్తాడు, ముద్ద దిగదు. దీంట్లో ఆయన లేడు,” అంటూ ఇంకో ముక్క వేసుకున్నారు.

ఆవిడ తిన్నందుకు సంతోషించాలో, మామయ్యను వంటింట్లోంచి పంపేశానని బాధపడాలో తెలియడం లేదు. పడుకోబోతూ పాప అడిగింది: “అమ్మా, తాతయ్యకిష్టమైన పులుసు మళ్ళీ ఎప్పుడు పెడతావు?”