నా పేరు మీద నాలుగు సిమ్ములు

మంగళవారం, రాత్రి

పోలీస్ స్టేషన్ నుంచి పిలుపొస్తే పొద్దున కోవూరు వెళ్లాను. నా పేరు మీద, నాకు తెలియని సిమ్ములు నాలుగున్నాయట. వాటిలో ఒకదాని నుంచి ఎవరో ఆడమనిషి బ్యాంకు ఉద్యోగినినని చెప్పి, ఒక పెద్దావిడ మోకాలి ఆపరేషన్‌కు దాచుకున్న డబ్బంతా లాగేసింది.

ఆ పెద్దావిడ అక్కడే బల్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే, "నువ్వేనా తల్లీ? నీకు నేనేం పాపం చేసినాను?" అంది.

ఎస్సైగారు గుచ్చి గుచ్చి అడిగితే గుర్తొచ్చింది. పోయిన వేసవిలో సంతలో నేనొక సిమ్ము కొన్నప్పుడు, గొడుగు కింద అవి అమ్మే అతను, "ముద్ర పడలేదక్కా, మళ్లీ పెట్టు" అని ఐదుసార్లు వేలు పెట్టించాడు. రొయ్యలు ఒలిచి ఒలిచి నా వేళ్లు అరిగిపోయాయి. అందుకే పడలేదేమోనని సిగ్గుపడుతూ పెట్టాను.

ఎస్సైగారు నా చేత నాలుగు మాటలు మాట్లాడించారు. పెద్దావిడ కళ్లు మూసుకుని విని, "ఈ గొంతు కాదు సార్. ఆమె శానా తియ్యగా మాట్లాడింది" అంది.

ఆ నంబర్లు ఆపిస్తామన్నారు. ఆధార్‌లో నా వేలిముద్రలు లాక్ చేయించుకున్నాను. నేను బయటపడ్డాను. ఆమె డబ్బు మాత్రం దొరుకుతుందో లేదో ఎవరూ చెప్పలేదు.

ఆమెను చెయ్యి పట్టుకుని బస్సు ఎక్కించాను. "నా నంబరు రాసిస్తానమ్మా, ఇల్లు చేరినాక ఫోన్ చెయ్యి" అన్నాను.

ఆమె తన ఫోనును కొంగులో దాచుకుని, "వద్దులే తల్లీ" అంది.