వాకిట్లో తెల్ల గీతలు

పెంచలయ్య మేస్త్రీకి,

నువ్వు ఫోను ఎత్తవు గనక జాబు రాయిస్తున్నాను. మా వాకిట్లో నువ్వు పరిచిన ఎర్ర టైల్సు బాగున్నాయి, కాదనను. వాటి సందుల్లో ఆ తెల్ల ఎపాక్సీ లప్పం ఎవరు పెట్టమన్నారయ్యా నిన్ను? పైగా ‘అవ్వా, నువ్వు పోయినా ఇది పోదు’ అని పళ్లికిలించి మరీ పోయినావు.

ఆనాటి నుంచి మా కోడలు సుకన్య ముగ్గు వేయడం మానేసింది. అడిగితే, ‘గళ్లు గళ్లుగా తెల్ల గీతలు ఉండనే ఉన్నాయి కదత్తా, అదే ముగ్గు’ అంటుంది. ఎదురింటి ఆదిశేషమ్మేమో, ‘ఏందక్కా, ఈ వయసులో తొక్కుడుబిళ్ల ఆడతావా?’ అని వీధంతా వినబడేట్టు నవ్వింది. నేను ఊరుకుంటానా? గీతల మీద ఎర్రమన్ను పూసినాను, కుంకుమ రుద్దినాను. సుకన్య తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే మళ్లీ తెల్లగా ఇకిలించినాయి, అచ్చం నీ మాదిరే.

వచ్చే వారం నెలగంట పెడతారు. ఇక నెలంతా ఊళ్లో ప్రతి వాకిటా ముగ్గులే. ముగ్గులేని వాకిట్లో నిలబడి ఆదిశేషమ్మ మొహం నేను చూడలేను. ఈలోగా నువ్వొచ్చి ఆ గీతలన్నీ టైల్సులో కలిసిపోయేట్టు ఎర్రరంగు కొట్టాల. రాకపోతే చీపురు పట్టుకుని నేనే జువ్వలదిన్నెలో మీ ఇంటికి వస్తా.

రాస్తున్నది సుకన్యే. చెప్పింది చెప్పినట్టు రాయమని ఒట్టు వేయించుకున్నాను.

నా వేలిముద్ర ఇదిగో.

మేస్త్రీ అన్నా, అత్త చెప్పింది చెప్పినట్టే రాసినాను. ఈ కింది మాట మాత్రం నాది. ఎర్రరంగుతో పాటు తెల్ల ఎపాక్సీ కూడా ఒక డబ్బా తీసుకురా. పెద్ద ముగ్గొకటి దాంతోనే వేసిపో. అత్తాకోడళ్లం ఇద్దరం పోయినా అది పోకూడదు.